త్రిశూలం కింద గీత

ఆమెకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. కూరల బండివాడు ఆమె వస్తుంటే చూసి తక్కెడ సరిచేసుకునేవాడు. కళ్ళద్దాల వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్ళుగా అద్దాలు అరగదీసే పని ఆమెది. తిరిగే రాయి మీద గాజుబిళ్ళను ఆనించి, నీళ్ళు చిమ్ముతూ, వెంట్రుకవాసి తేడా రాకుండా దించాలి. తేడా వస్తే తలనొప్పి కొనుక్కున్నవాడికి, తిట్లు యజమానికి. ఆ యజమానే ఒకరోజు ముచ్చటపడి ఆమెను ‘భూతద్దం’ అన్నాడు. అన్నందుకు ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. మూడోరోజుకల్లా ఆ పేరు బజారంతా పాకిపోయింది. ఇంక చేసేదేం లేక ఊరుకుంది.

నాణేల పిచ్చి మాత్రం నాన్న వల్ల వచ్చింది. ఆయన ఓడల్లో బాయిలరుకు బొగ్గు వేసేవాడు. ఒడ్డుకు వచ్చినప్పుడల్లా జేబులో మిగిలిన చిల్లరంతా ఒక సిగరెట్టు రేకుడబ్బాలో పడేసేవాడు. అందులో ముప్పాతిక వంతు పాత బ్రిటిష్ పెన్నీలు. పెద్ద పెద్ద కంచుబిళ్ళలు. ఒకవైపు రాజో, రాణో. రెండోవైపు శిరస్త్రాణం పెట్టుకుని, డాలు మీద ఓ చెయ్యి ఆనించి, రెండో చేత్తో త్రిశూలం పట్టుకు కూర్చున్న ఆడమనిషి. ఆమె వెనక సముద్రం.

పదకొండేళ్ళ వయసులో ఒక మధ్యాహ్నం ఆ డబ్బా నేల మీద బోర్లించుకుని, రెండు 1902 పెన్నీలు పక్కపక్కన పెట్టి చూస్తూ ఆమె గట్టిగా అరిచింది.

“నాన్నా! ఒకదాంట్లో సముద్రం కిందికి దిగిపోయింది!”

నాన్న బిళ్ళలను దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. “ఆ పూట ఆటు వచ్చుంటుందిలేవే. నీళ్ళు వెనక్కి పోయాయి” అని నవ్వాడు.

చాలా ఏళ్ళకు గ్రంథాలయంలో ఒక పాత పుస్తకం తిరగేస్తుంటే, ఆ ఏడాది పెన్నీల్లో నీటిగీత కిందికి ఉన్న రకం ఒకటి నిజంగానే ఉందని, సేకరించేవాళ్ళు దాన్ని ‘ఆటు పెన్నీ’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారని చదివింది. అప్పటికి నాన్న పోయి ఆరు నెలలు. ఆయనకు చెప్పే వీలు లేకపోయినందుకు ఆ రోజు కూడా ఆమెకు ఏడుపుకంటే ముందు కోపమే వచ్చింది.

పదహారో ఏట మొదలుపెట్టి, తాను చూసిన ప్రతి నాణెం గురించీ నోటుపుస్తకంలో రాసుకునేది. ఏ ఏడాది, తేదీ కింద ‘హెచ్’ అనే టంకశాల గుర్తు ఉందా లేదా, అంచు చుట్టూ ఉన్న నగిషీ పూసల్లా ఉందా పళ్ళలా ఉందా, ఎంత అరిగింది. అరుగుదల చూడటం తనకు తానే నేర్చుకుంది. నాణెం మీద ఎత్తుగా ఉన్నదే ముందు అరుగుతుంది కనుక, రాణి అయితే చెవి మీది జుట్టుపాయలు చూడాలి, ఆ ఆడమనిషి అయితే శిరస్త్రాణం, రొమ్ము, మోకాలు చూడాలి. 1882లో ‘హెచ్’ లేని పెన్నీ బహు అరుదు కనుక, అది దొరికిందంటూ ఎవరైనా తెస్తే ముందు వాడి మొహం చూడాలి, తరవాత తేదీ కింద ఆకురాయి జాడలు చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం, నాణేన్ని తోమకూడదు. ఒకసారి ఆడపడుచు సాయం చేద్దామని గిన్నెలు తోమే పొడితో ఆరు పెన్నీలు తళతళలాడించి చేతిలో పెట్టింది. నూరేళ్ళ రంగు నురుగులో కొట్టుకుపోయింది. ఆ ఏడాదంతా భూతద్దం ఆడపడుచు గడప తొక్కలేదు. బస్సు కండక్టరుగా పనిచేసే భర్త మధ్యలో పడి నలిగిపోయాడు.

“రాగిముక్కల కోసం అక్కతో మాట్లాడటం మానేస్తావా?” అని అడిగాడు ఒకసారి.

“రాగి కాదు, కంచు. ఇన్నేళ్ళ నుంచి నాతో కాపరం చేస్తున్నారు, ఆ మాత్రం తెలీదూ?” అంది ఆమె.

ఊళ్ళో నాణేల సంఘం ఒకటి ఉండేది. కాగితాల దుకాణం మీది గదిలో ప్రతి ఆదివారం పొద్దున సమావేశం. పదకొండు మంది మగవాళ్ళు, ఆమె. సంఘం సెక్రటరీ బ్యాంకులో పెద్ద ఉద్యోగం చేసి దిగినవాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా, జేబులో రెండు కలాలు. ఎవరు ఏ నాణెం తెచ్చినా ఆయన ముందు చేతిలోకి తీసుకుని, తల పంకించి, “ఊఁ... మీరేమంటారమ్మా?” అని ఆమె వైపు జరిపేవాడు. ఆమె చెప్పేది. “నేనూ అదే అనుకుంటున్నా” అనేవాడు. ఏళ్ళ తరబడి ఇదే తంతు. అందులో ఆమెకు తప్పేమీ కనబడలేదు. ఆయన కళ్ళు సరిగ్గా ఆనవేమో అనుకుంది. కళ్ళద్దాల పని చేసే మనిషి కదా, మనుషుల లోపాలన్నీ ఆమెకు చూపులోనే కనబడేవి.

ఒక ఆదివారం ఆయన, సంఘం తరఫున పెన్నీల మీద ఒక పుస్తకం వేద్దామని, ఆమె నోటుపుస్తకాలు ఓ రెండు వారాలు ఇవ్వమని అడిగాడు. ఫోటోలకని నలభై నాణేలు కూడా ఇమ్మన్నాడు. ఆమె సంబరంగా తొమ్మిది నోటుపుస్తకాలూ గుడ్డసంచిలో పెట్టి తీసుకెళ్ళి ఇచ్చింది. రెండు వారాలు కాస్తా ఏడు నెలలయ్యాయి. నాణేలు మాత్రం ముందే తిరిగొచ్చాయి, వెనకవైపు టేపు జిగురుతో, ముందువైపు బొటనవేళ్ళ ముద్రలతో. అప్పుడే ఆమె ఒళ్ళు మండింది. ‘పుస్తకం పని కదా’ అని నిగ్రహించుకుంది. ఆమె జీవితంలో కోపాన్ని దిగమింగిన సందర్భాలు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. అది ఒకటి.

పుస్తకం వచ్చింది. గట్టి అట్ట, నిగనిగలాడే కాగితం. మొదటి పేజీలో సెక్రటరీగారి నిలువెత్తు ఫోటో. ముందుమాటలో ‘నలభయ్యేళ్ళ నా అవిశ్రాంత పరిశోధన’ అని మొదలుపెట్టి, భార్యకూ, ప్రెస్సువారికీ, వేళకు టీ అందించిన వంటమనిషికీ కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. భూతద్దం పేరు లేదు. పేజీలు తిప్పింది. మాటలన్నీ ఆమెవే. ‘ఈ రకాన్ని చూడాలంటే పొద్దుటి ఎండ పక్కనుంచి పడాలి’ అని ఆమె పెరటి అరుగు మీద కూర్చుని రాసుకున్న వాక్యం కామా కూడా తేడా లేకుండా అక్కడ ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో పుస్తకంతోనే సమావేశానికి వెళ్ళింది.

“సెక్రటరీగారూ, ఈ పుస్తకం ఎవరు రాశారు?”

ఆయన టీ కప్పు కింద పెట్టి చిరునవ్వు నవ్వాడు. “అదేం ప్రశ్నమ్మా? అట్ట మీద ఉందిగా.”

“అట్ట మీద ఉన్నది చదివాను. లోపల ఉన్నది నేను రాశాను. అది అడుగుతున్నా.”

“చూడమ్మా, జ్ఞానం ఎవరి సొంతం కాదు. మీరేవో గుర్తులు రాసుకున్నారు. వాటికి ఒక రూపం, ఒక గౌరవం తెచ్చింది నేను. కళ్ళద్దాలు అరగదీసే ఆవిడ రాసిందంటే కొంటారా ఎవరైనా? ఆవేశపడకుండా ఆలోచించండి.”

తొమ్మిది మంది తమ తమ టీ కప్పుల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఒక్క డ్రాయింగు మాస్టారు మాత్రం, బక్కపల్చటి మనిషి, సంఘంలో చేరి ఏడాది కూడా కాలేదు, “కనీసం పేరైనా వెయ్యాల్సిందండీ” అన్నాడు. సెక్రటరీ అటు తిరిగి చూడగానే ఆయన గొంతు సన్నబడిపోయింది. భూతద్దం ఆ గదిలో ఇంకెన్ని మాటలు అందో కింద కాగితాల దుకాణంవాడికి బాగా తెలుసు. మెట్లు దిగి వస్తుంటే వాడు లేచి దారి ఇచ్చాడు.

ఇంటికొచ్చి పుస్తకాన్ని మంచం మీదికి విసిరికొట్టింది. అది ఎనభై రెండో పేజీ దగ్గర తెరుచుకుంది. నాన్న పోయాక ఆమె దగ్గరే ఉంటున్న అమ్మ అక్కడే కూర్చుని బట్టలు మడతపెడుతోంది. వంగి చూసింది.

“ఒసే, ఇది మీ నాన్న బిళ్ళ కదే!”

పేజీ నిండా ఒక 1909 పెన్నీ ఫోటో. త్రిశూలం పిడి కింద నుంచి అంచు దాకా ఏటవాలుగా ఒక గీత. కింద ఇలా ఉంది: ‘అచ్చు పగులు. ఇంతవరకూ ఎవరూ గుర్తించని రకం. అత్యంత అరుదు. మామూలు పెన్నీకి నలభై రెట్లు పలుకుతుంది.’

భూతద్దం పుస్తకాన్ని దగ్గరకు లాక్కుంది. అది పదహారో ఏట, మొదటి నోటుపుస్తకం మూడో పేజీలో, ఏమీ తెలియని రోజుల్లో తాను రాసిన ముక్క. ‘అచ్చు పగులు? ఎవరూ గుర్తించని రకమా?’ అని రెండు ప్రశ్నార్థకాలు పెట్టింది. ఆయన ఆ రెండూ తీసేసి నలభై రెట్లు చేర్చాడు. నిజానికి మరుసటేడే ఆమెకు సంగతి తెలిసిపోయింది. నాణెం కొట్టే అచ్చు పగిలితే ఆ పగులులోకి లోహం దూరుతుంది, నాణెం మీద ఆ గీత ఉబ్బెత్తుగా తేలుతుంది. ఎవరైనా గీరితే గుంట పడుతుంది. గోరు పెట్టి చూస్తే చాలు. నాన్న బిళ్ళ మీద ఉన్నది గుంట. పాత రాత కొట్టేయడం మరిచిపోయింది, అంతే.

“నీకెలా తెలుసు నాన్నదని?”

“తెలీకేం? ఓడలో ఎండవేళ బాయిలరు దగ్గర ఎవరు నిలబడాలో ఆయనా, ఆయన జోడీ బొమ్మా బొరుసూ వేసుకునేవాళ్ళు. ఆ జోడీగాడు రెండువైపులా బొమ్మే ఉన్న బిళ్ళ ఒకటి చేయించుకొచ్చాడట. నెల్లాళ్ళు మీ నాన్నే మాడి చచ్చాడు. తరవాత తెలిసి, ఇక నా బిళ్ళతోనే వేద్దాం అని, వాడు మార్చెయ్యకుండా కత్తిమొనతో గీత పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి నాకు చూపించి ఒకటే నవ్వు. వీడెవడు, దీనికి నలభై రెట్లంటాడు?”

భూతద్దం పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే పళ్ళు నూరింది. నలభయ్యేళ్ళ అవిశ్రాంత పరిశోధకుడు గోరు పెట్టి కూడా చూడలేదన్నమాట!

“వెళ్ళి చెప్పవే పాపం” అంది అమ్మ.

“నేనెందుకు చెప్పాలి? ఆయన పరిశోధన కదా. ఆయన్నే మొయ్యనీ. చచ్చినా చెప్పను.”

చెప్పలేదు. సంఘానికి వెళ్ళడం మానేసింది. అద్దాలు అరగదీస్తున్నప్పుడు ఎనభై రెండో పేజీ గుర్తొస్తే రాయి చప్పుడులో తనలో తానే నవ్వుకునేది. ఆ నవ్వు ఆమెకు ఆరు నెలలు సరిపోయింది.

ఏడో నెలలో డ్రాయింగు మాస్టారు ఇంటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. చొక్కా లోపలి జేబులోంచి దూదిలో చుట్టిన పొట్లం తీశాడు.

“అక్కా, దొరికిందక్కా! త్రిశూలం కింద గీత. సెలవుల్లో పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిందంతా పోసి కొన్నాను. మీరు ఒక్కసారి చూసి ఔనంటే చాలు.”

ఆమె కిటికీ దగ్గరకు వెళ్ళి భూతద్దం కంటికి బిగించింది. మంచి నాణెం అది. శిరస్త్రాణం మీద గీతలు చెక్కుచెదరలేదు. అక్షరాల సందుల్లో టంకశాల నుంచి వచ్చిన నాటి ఎర్రటి మెరుపు ఇంకా మిగిలే ఉంది. నూరేళ్ళు ఎవరి జేబులోనూ అరగకుండా బతికిన బిళ్ళ. దాని మీద, త్రిశూలం కింద, పచ్చి గాయంలా ఒక గీత. పైన ముదురు గోధుమరంగు, గీత లోపల లేత గులాబీరంగు. అంచుల్లో రజను కూడా ఇంకా రాలలేదు. నెల కూడా కాలేదు గీసి.

ఔనందామా అని ఒక్క లిప్తపాటు అనిపించింది. ఆ మొహం చూసి.

“మాస్టారూ, ఇది పగులు కాదు. మేకుతో గీశారు. అసలు అలాంటి రకమే లేదు. పుస్తకంలో ఉన్నది మా నాన్న బిళ్ళ. ఆయన కత్తితో గీసుకున్నాడు.”

మాస్టారు నాణేన్ని ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. “మీకు ముందే తెలుసా అక్కా?”

“తెలుసు.”

“పుస్తకం వచ్చినప్పుడే?”

“ఆ రోజే.”

ఆయన నాణేన్ని మళ్ళీ దూదిలో చుట్టాడు. ఎంత మెల్లగా చుట్టాడంటే, అది ఇంకా విలువైనదే అన్నట్టు. అమ్మ టీ తెస్తే వద్దని చేత్తోనే చెప్పి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆయన ఒక్కమాట అని ఉంటే భూతద్దానికి బాగుండేది. తిరిగి నాలుగు అని ఉండేది. ఏమీ అనకుండా పోయేసరికి ఆ కోపమంతా పోవడానికి చోటు లేక ఆమె మీదికే తిరిగింది. సంఘంలో తన తరఫున నోరు విప్పిన ఒకే ఒక్క మనిషి!

సంచీ భుజాన వేసుకుని నేరుగా పాత సామాన్ల బజారుకు వెళ్ళింది. నాణేల బల్లవాడి దగ్గర ఒక పళ్ళెం నిండా గీతల పెన్నీలు. పదమూడు. ఎవడో తొందరపడి ఒకదానికి రాజుగారి మెడ మీద గీశాడు.

“ఎవరయ్యా గీస్తున్నది?”

“ఎవరు గీస్తే ఏంటమ్మా? పుస్తకంలో ఉందా, లేదా? జనం అడుగుతున్నారు, నేను ఇస్తున్నాను.”

“రాజు మెడ మీద త్రిశూలం ఎక్కడుందిరా నీ మొహం!”

“అది తక్కువకే ఇస్తాలెండి.”

ఆమె ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. పదమూడింటిలో నాలుగు నిజంగా మంచివి. మనుషులు కొట్టుకు చావనీ, ఈ బిళ్ళలేం పాపం చేశాయి? తాను పెదవి బిగించుకుని కూర్చున్న ఆరు నెలల్లో ఎక్కడో ఎవడో మేకు పట్టుకుని వీటిని వరసగా గీసుకుంటూ పోయాడు. తాను ఒక్కమాట చెప్పి ఉంటే సరిపోయేది.

ఆ ఆదివారం సమావేశానికి వెళ్ళింది. ఎవరినీ పలకరించలేదు. నాన్న పెన్నీని బల్ల మధ్యలో పెట్టింది. పక్కన పుస్తకం, ఎనభై రెండో పేజీ.

“ఇది ఫోటోలో ఉన్న నాణెం. నాది. గీత మా నాన్న గీసింది. పదహారేళ్ళప్పుడు తెలియక పగులేమో అని రాసుకున్నాను. ఈయన అది చూసి ఎక్కించాడు. ఇప్పుడు బజారులో మంచి నాణేలు గీసి అమ్ముతున్నారు. గోరు ఉన్నవాళ్ళు ఎవరైనా గీత మీద రాసి చూడండి.”

సెక్రటరీ నవ్వబోయాడు. “నా పుస్తకంలోది మీ నాణెం అని ఏమిటి రుజువు? అలాంటివి అనేకం...”

“అత్యంత అరుదు అని రాశారుగా, అనేకం ఎక్కణ్ణుంచి వచ్చాయి?”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె ఆగలేదు. “ఫోటోలో ‘9’ పక్కన మచ్చ చూడండి, ఇక్కడ మచ్చ చూడండి. అంచున నొక్కు చూడండి. ఈ నాణెం మీది కాదంటే ఆ మాటలూ మీవి కావు. మాటలు మీవంటే ఈ అబద్ధమూ మీదే. ఏదో ఒకటి తేల్చి చెప్పండి!”

పెన్నీ బల్ల చుట్టూ చేతులు మారింది. పదిమందీ గోరు పెట్టి చూశారు. ఆఖరివాడు చూసి కింద పెట్టేసరికి సెక్రటరీ మొహం కందగడ్డలా అయింది. జేబులోని కలం తీసి, మూత పెట్టి, మళ్ళీ తీశాడు. “పరిశీలిస్తాను” అని నీళ్ళు నమిలాడు.

“నేను చెప్పాల్సింది ఇంకొకటుంది” అందామె. గొంతు మొదటిసారి తగ్గింది. “ఇది తప్పని నాకు ఆరు నెలల కిందటే తెలుసు. కావాలనే చెప్పలేదు. ఈయన పరువు ఎప్పుడు పోతుందా అని చూస్తూ కూర్చున్నా. మాస్టారి కష్టం పోయింది. అది నా తప్పు.” మాస్టారు తల ఎత్తలేదు.

రెండు నెలల తరవాత పుస్తకంలో అంటించడానికి ఒక చీటీ అచ్చయి వచ్చింది. ‘ఎనభై రెండో పేజీలోని నాణెం రకం తొలగించడమైనది. ఒక సభ్యురాలు అందించిన తప్పుడు సమాచారం వల్ల ఈ పొరపాటు దొర్లింది.’ అంతే. నూట అరవై పేజీల తన రాతలో తనకు దక్కిన ఒకే ఒక్క ప్రస్తావన అది! భూతద్దం ఆ చీటీ పట్టుకుని ఇంట్లో తొక్కిన చిందులకు అమ్మ పక్కింటికి వెళ్ళి కూర్చుంది. భర్త డ్యూటీ లేకపోయినా డ్యూటీకి వెళ్ళాడు.

కోపం చల్లారలేదు. కానీ ఈసారి దాన్ని కడుపులో దాచుకుని కూర్చోలేదు. వర్క్‌షాపు యజమానిని అడిగి, ఆదివారం పొద్దున మూసి ఉన్న దుకాణం ముందు ఒక బల్ల, రెండు స్టూళ్ళు వేసుకుంది. ఎవరు నాణెం తెచ్చినా చూసి, ఏ రకమో, ఎంత అరిగిందో, తోమారో లేదో, ఎంత చేస్తుందో కాగితం మీద రాసి, కింద తన పూర్తి పేరు పెద్ద అక్షరాలతో రాసేది. ఉచితంగానే. తోమి తెచ్చినవాళ్ళకు మాత్రం తిట్లు అదనం. మొదటి నెల ముగ్గురే వచ్చారు. ఏడాది తిరిగేసరికి సంఘంలోంచే అయిదుగురు ఇటు వచ్చేశారు. బజారులో బల్లవాడు కూడా “ఆవిడ కాగితం ఉందా?” అని అడగడం మొదలుపెట్టాడు. మాస్టారు రావడానికి ఏడాదిన్నర పట్టింది. వచ్చి, రెండో స్టూలు మీద కూర్చుని, వచ్చిన నాణేలకు బొమ్మలు వేసిపెట్టడం మొదలుపెట్టాడు. ఆమె ‘క్షమించండి’ అనలేదు. ఆ మాట ఆమె నోటికి అలవాటు లేదు. తనకు తెలిసినదంతా ఒక్కటి దాచకుండా ఆయనకు నేర్పింది.

ఒక ఆదివారం సెక్రటరీ వచ్చాడు. వరసలో నాలుగోవాడుగా నిలబడ్డాడు. తన వంతు రాగానే మొహం పక్కకు పెట్టి, ఒక వెండి నాణెం బల్ల మీద ఉంచాడు. 1905 హాఫ్ క్రౌన్. ఆ ఏడాదివి తక్కువ. అందుకే వేరే ఏడాది తేదీని చెక్కి అయిదుగా మార్చినవి, పోతపోసినవి బోలెడు తిరుగుతుంటాయి.

“చూసి చెప్పండి” అన్నాడు.

దొంగది అయ్యుండాలని ఆమె ఎంత కోరుకుందో! తూచింది. సరిపోయింది. అంచు గాడులు లెక్కగా ఉన్నాయి. అయిదు అంకె చుట్టూ పక్కనుంచి ఎండ పడేలా తిప్పి తిప్పి చూసింది. ఎక్కడా గోకిన జాడ లేదు, అతికిన జాడ లేదు. రాజుగారి గడ్డం కాస్త అరిగింది, తోమలేదు. ఆమె దవడలు బిగుసుకున్నాయి. మాస్టారు పెన్సిలు ఆపి ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

“అసలుదే” అంది, పళ్ళ మధ్యనుంచి.

కాగితం మీద ఉన్నదంతా ఉన్నట్టు రాసింది. కింద పేరు రాసేటప్పుడు కలం ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితం చిరగబోయింది. దాన్ని ఆయన చేతిలో పెట్టి, “అమ్మబోతే ఈ కాగితం అడుగుతారు. పారేసుకోకండి. నా పేరు కనబడేలా పట్టుకోండి” అంది. ఆయన ఏదో అనబోయాడు. “తరవాతెవరు?” అని ఆమె ఆయన భుజం మీదుగా వెనకనున్న మనిషిని పిలిచింది.